యుద్ధదేవుడి గదిలో ప్రేమదేవత

ఆంట్వెర్ప్‌లో స్కెల్డే నది విశాలంగా, బూడిదరంగులో, తొందర లేకుండా పారుతుంది. సముద్రం పోటు ఊరిదాకా వస్తుంది కాబట్టి గట్టు రాళ్ళ మీద నీటి చారలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. పెద్ద ఓడలు ఇప్పుడు ఉత్తరాన ఉన్న కొత్త రేవుల్లో ఆగుతాయి. పాత ఊరి గట్టు మీద సాయంత్రం నడిచేవాళ్ళు, సైకిళ్ళు, కుక్కలు, గాలి తప్ప ఇంకేమీ లేవు. రూబెన్స్ బొమ్మల కోసం వచ్చిన నేను ముందు నది దగ్గరికే వెళ్ళాను. ఆయన బొమ్మల్లోని ఆందోళనకు మూలం ఇక్కడే ఉంది.

16వ శతాబ్దం మధ్యలో ఉత్తర ఐరోపా వ్యాపారానికి ఈ రేవే గుండెకాయ. 1576లో జీతాలు అందని స్పెయిన్ సైనికులు ఊరి మీద పడి దోచుకున్నారు, ఇళ్ళు తగలబెట్టారు. 1585లో స్పెయిన్ సేన సుదీర్ఘ ముట్టడి తర్వాత ఊరిని గెలుచుకుంది. ఉత్తరాన తిరగబడిన డచ్చివాళ్ళు సముద్రం వైపు నదిని మూసేశారు. సుమారు లక్షమంది బతికిన ఊరు కొద్ది ఏళ్ళలోనే సగానికి పైగా ఖాళీ అయింది. పీటర్ పాల్ రూబెన్స్ పుట్టింది కూడా పరాయి ఊళ్ళోనే, 1577లో, జర్మనీలోని సీగెన్‌లో. మతకలహాల్లో ప్రాణభయంతో తండ్రి అంతకుముందే ఆంట్వెర్ప్ విడిచిపోయాడు. ఆయన చనిపోయాక తల్లి మరియా పిల్లలను వెంటబెట్టుకుని ఈ ఊరికే తిరిగొచ్చింది. ఓడలు రాని రేవు, సగం ఖాళీ అయిన వీధులు చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దయి ఐరోపా రాజులందరికీ కావలసిన చిత్రకారుడయ్యాడు. రాజుల మధ్య రాయబారం నడిపే దౌత్యవేత్త కూడా అయ్యాడు.

ఆయన గీసిన ప్రేమదేవతలు ఐరోపా మ్యూజియాల్లో చాలామంది ఉన్నారు. అద్దం చూసుకునే వీనస్, పండగ చేసుకునే వీనస్, అందాల పోటీలో నిలబడ్డ వీనస్. నాకు చూడాలనిపించింది ఇద్దరినే. ఒకరు ఇక్కడి లలితకళల రాజ మ్యూజియంలో ఉన్నారు, మరొకరు ఆల్ప్స్ కొండలకు అవతల ఫ్లోరెన్స్‌లో.

పదకొండేళ్ళ మరమ్మతుల తర్వాత 2022లో తెరుచుకున్న మ్యూజియం అది. పైకప్పు నుంచి మెత్తటి వెలుతురు దిగుతున్న గదుల్లో నడుస్తూ 1614 నాటి చెక్కపలక బొమ్మ దగ్గర ఆగాను. వీనస్ మనవైపు వీపు పెట్టి గొంతుక్కూచుని ఉంది. చలికి ముడుచుకుపోయింది. పక్కన మన్మథుడి లాంటి చిన్న దేవుడు, బాణాల వేట లేదు ఏమీ లేదు, అమ్ములపొది మీదే కూలబడి వణుకుతున్నాడు. వెనకాల ఒక వనపురుషుడు పళ్ళూ పంటలూ నిండిన కొమ్మును మోస్తూ ఉన్నాడు. ఆహారం అంత దగ్గర ఉంది, ఆమె చేతికి మాత్రం అందడం లేదు. తిండీ పానీయమూ కరువైన చోట ప్రేమ గడ్డకట్టుకుపోతుందనే భావం రోమన్ నాటకకర్త టెరెన్స్ కాలం నుంచీ లాటిన్‌లో సామెతగా ఉంది. ఆ సామెతకు ఎందరో బొమ్మలు వేశారు. రూబెన్స్ ఆ ముడుచుకున్న భంగిమను ఒక ప్రాచీన శిల్పం నుంచి తీసుకున్నాడు, చలిని మాత్రం తన ఊరి నుంచే తీసుకున్నాడని నా నమ్మకం. ప్రేమదేవతకు ఆకలేస్తుందని, చలేస్తుందని ఒప్పుకున్న చిత్రకారుడి మీద నాకు గౌరవం పెరిగింది.

అదే మ్యూజియంలో ఇంకో చిన్న చిత్రం ఉంది. దాన్ని దాటిపోతే రూబెన్స్ సగమే అర్థమవుతాడు. 1638 జూన్‌లో ఆంట్వెర్ప్‌కు దగ్గర్లో, నదికి అవతలి గట్టున కాలో అనే చోట స్పెయిన్ సేన డచ్చివాళ్ళను ఓడించింది. ఆ విజయోత్సవంలో ఊరేగించే రథానికి రూబెన్స్ వేసిన నమూనా అది. జెండాలు, తెరచాపలు, కట్టేసిన బందీలు. అంతకు మూడు నెలల ముందే ఆయన యుద్ధం మీద తన అతి పెద్ద ఫిర్యాదును, నేను ఫ్లోరెన్స్‌లో చూడబోయే బొమ్మను, ఇటలీకి పంపించి ఉన్నాడు. ఇది ఆయన కపటమని నేననుకోను. ఊరు గెలిచినప్పుడు ఊరితో సంతోషించి, ఆ గెలుపు ఖరీదెంతో కూడా తెలిసిన మనిషి ఆయన. ఈ రెండూ ఒక్క గుండెలో ఉండగలవు.

ఆయన ఇల్లు మరమ్మతుల్లో ఉంది గాని తోట చూడవచ్చు. ముంగిలికీ తోటకీ మధ్య ఆయనే రూపకల్పన చేసుకున్న రాతి తోరణం, దాని మీద ఇద్దరు దేవతలు, మెర్క్యురీ, మినర్వా. ఒకరు వాక్కుకూ రాయబారానికీ దేవుడు, మరొకరు తెలివికి దేవత. రోజూ ఇంట్లోంచి తోటలోకి వెళ్ళే దారి మీద ఎవరిని నిలబెట్టుకోవాలో ఆయనకు తెలుసు. 1626లో భార్య ఇసబెల్లా పోయాక ఆ దుఃఖంలోనే ఆయన స్పెయిన్‌కూ ఇంగ్లండ్‌కూ రాయబారిగా వెళ్ళాడు. 1630లో ఆ రెండు దేశాల మధ్య సంధి కుదిరింది. రెండు దేశాల రాజులూ ఆయనకు నైట్ బిరుదు ఇచ్చారు. ఆ ఏడాది చివర, యాభై మూడేళ్ళ వయసులో, పదహారేళ్ళ హెలెనా ఫోర్మెంట్‌ను పెళ్ళాడాడు. మన కాలపు కళ్ళకు ఆ పెళ్ళి మింగుడుపడదు. కాని ఆ తర్వాతి బొమ్మల్లోని వీనస్‌లలో ఆమె పోలికలున్నాయని కళాచరిత్రకారులు చాలామంది అంటారు.

ఆంట్వెర్ప్ మనుషులు తక్కువ మాట్లాడతారు. బీరులో గంటల తరబడి ఉడికించిన మాంసపు కూర, వేయించిన బంగాళాదుంపలు పెట్టే చిన్న హోటల్లో నా బల్లకే వచ్చి కూర్చున్న వృద్ధ దంపతులు తల పంకించి పలకరించారు, అంతే. నేను కారపు సాసు కోసం వెతుకుతూ దుంపలు తింటుంటే ఆవిడ తన పళ్ళెం పక్కనున్న ఆవాల ముద్ద గిన్నెను మాటలేకుండా నా వైపు జరిపింది. రైల్వే స్టేషన్ పక్క వజ్రాల వీధుల్లో మాత్రం గుజరాతీ మాటలు చెవినపడ్డాయి. పాలన్‌పూర్ నుంచి వచ్చిన జైన కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ వ్యాపారం చేస్తున్నాయి. ఒకప్పుడు మూతపడిన ఊరు మళ్ళీ ప్రపంచానికి తెరుచుకుంది.

1600 మే నెలలో ఇరవై రెండేళ్ళ రూబెన్స్ ఈ ఊరి నుంచి ఇటలీ బయల్దేరాడు. ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడు. తల్లికి జబ్బు చేసిందని కబురందగానే గుర్రమెక్కి వచ్చినా ఆమె చివరిచూపు దక్కలేదు. నేను ఇటలీకి రైల్లో వెళ్ళాను. స్విట్జర్లాండ్‌లో గోథార్డ్ పాత మార్గం పట్టుకుంటే వాసెన్ అనే ఊరి తెల్లటి చర్చి మూడుసార్లు కనిపిస్తుంది. మొదట తలెత్తి చూస్తాం, తర్వాత మన ఎత్తులోనే, ఆ తర్వాత కిందికి. కొండలోపల చుట్టలు తిరుగుతూ రైలు పైకెక్కుతున్నదనడానికి ఆ చర్చే గుర్తు. ఎదురు సీట్లోని స్విస్ తాతగారు ప్రతిసారీ కిటికీ వైపు వేలు చూపించి నేను చూశానా లేదా అని నా ముఖం వంక చూశాడు. సొరంగం దాటాక ఇళ్ళ కప్పులు మారాయి, స్టేషన్ బోర్డులు ఇటాలియన్‌లోకి మారాయి, ఎండ రంగు కూడా మారింది. మిలాన్ దిగువన మొక్కజొన్న చేలు, వరసకట్టిన పొడుగాటి పాప్లార్ చెట్లు, పో నది. బొలోన్యా తర్వాత చీకటి సొరంగాల వరస. బయటికొచ్చేసరికి టస్కనీ.

ఫ్లోరెన్స్‌లో ఆర్నో నదిని పాత వంతెన మీదుగా దాటి పిట్టి రాజమందిరానికి నడిచేవాళ్ళలో ఎక్కువమంది ఒక సంగతి గమనించరు. వంతెన మధ్యయుగాలది. వంతెన దిగగానే వచ్చే ఇళ్ళు మాత్రం చాలావరకు 1944 తర్వాత కట్టినవి. ఆ ఏడాది ఆగస్టు మొదటి వారంలో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేన ఈ ఒక్క వంతెనను వదిలి మిగిలిన వంతెనలన్నీ పేల్చేసింది. దీన్ని దాటనీయకుండా రెండు కొసల్లోని వీధులను నేలమట్టం చేసింది. ఇళ్ళు ఖాళీ చేయించిన వేలమంది జనం పిట్టి మందిరంలో తలదాచుకున్నారు. నదికి ఈవలి పేటలో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నచోట హోటలు పెద్దాయన ఆ మాటే చెప్పాడు. వాళ్ళమ్మ అప్పుడు చిన్నపిల్లట. రాజులు నడిచిన ప్రాంగణంలో పరుపు వేసుకుని పడుకుందట. ఆయన దాన్ని గొప్పగానూ చెప్పలేదు, బాధగానూ చెప్పలేదు. రొట్టె ముక్కలు కోస్తూ చెప్పాడు.

ఆ రొట్టెలో ఉప్పుండదు. టస్కనీలో రొట్టె అలాగే చేస్తారు. మొదటి ముద్ద చప్పగా తగిలినా, పక్కన ఉప్పు పట్టించిన పంది మాంసపు పొరలు, ఆలివ్ నూనె ఉన్నాయి కాబట్టి రొట్టె తన పని తాను చేస్తుంది. తర్వాత రిబొల్లీత వచ్చింది. నిన్నటి రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల కేబేజీ ఆకులు కలిపి మళ్ళీ ఉడికించిన చిక్కటి పులుసు. మన చద్దన్నంలాగే మిగిలిపోయినదాన్ని పారేయలేని ఇంటి ఇల్లాలు కనిపెట్టిన వంట. ఈ పెద్దాయన రెండోసారి అడగకుండానే వడ్డించాడు.

పిట్టి మందిరం బయటికి కోటలా మొరటుగా ఉంటుంది. లూకా పిట్టి అనే వడ్డీ వ్యాపారి 15వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఇంటిని మెడీచీ పాలకులు కొని పెంచుకుంటూ పోయారు. లోపలి చిత్రశాలలో బొమ్మలను ఇప్పటి మ్యూజియాల్లాగా దూరదూరంగా పెట్టరు. నేలనుంచి కప్పుదాకా, బంగారు చట్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎదుట నిలబడ్డవాడికి మొదట ఊపిరాడదు. ముఖ్యమైన అయిదు గదులకు గ్రహాల పేర్లు పెట్టారు: వీనస్, అపోలో, మార్స్, జూపిటర్, శాటర్న్. పియెత్రో ద కోర్తోనా 1640ల్లో వాటి కప్పుల మీద మెడీచీ వంశ ఘనతను చిత్రించడం మొదలుపెట్టాడు. శిష్యుడు చిరో ఫెర్రీ పూర్తిచేశాడు.

వీనస్ గదిలో ఉన్నది కనోవా చెక్కిన చలువరాతి వీనస్. స్నానం చేసి వస్తూ, ఎవరో చూశారని తెలిసి గుడ్డను గుండెలకు హత్తుకున్న స్త్రీ. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కాను చిన్నప్పటినుంచీ చూసినవాళ్ళకు ఆ రాతి మెత్తదనం కొత్త కాదు. దాని ముందు కొంచెంసేపు ఆగి ముందుకు నడిచాను. నేను వెతుకుతున్న వీనస్ తన పేరున్న గదిలో లేదు. యుద్ధదేవుడు మార్స్ పేరున్న గదిలో ఉంది.

దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ఉన్న నూనెరంగుల చిత్రం, "యుద్ధ పరిణామాలు". 1637, 38ల్లో వేశాడు. బొమ్మంతా ఎడమ నుంచి కుడికి ఒక ఈదురుగాలిలా కొట్టుకుపోతుంటుంది. ఎడమ కొసన జానుస్ గుడి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రోమన్ల ఆచారం ప్రకారం శాంతి కాలంలో ఆ తలుపులు మూసేవారు, యుద్ధంలో తెరిచేవారు. అందులోంచి వచ్చిన మార్స్ నెత్తురు కత్తితో, డాలుతో అడుగు ముందుకు వేసేశాడు. అలెక్తో అనే ఉగ్రదేవత కాగడా పట్టుకుని అతన్ని లాగుతోంది. ఆమె ముందు కరువు, మహమ్మారి రాక్షసాకారాలుగా ఎగురుతున్నాయి. నేలమీద పగిలిన వీణలాంటి వాయిద్యంతో పడిపోయిన స్త్రీ, బిడ్డను అదుముకున్న తల్లి, కొలతపరికరంతో కూలిపోయిన వాస్తుశిల్పి ఉన్నారు. మార్స్ పాదం కింద పుస్తకం నలుగుతోంది.

నడిమధ్యన వీనస్. ఆమె అతని చేతిని తన చేతులతో చుట్టి పట్టుకుంది. పాదాల దగ్గర చిన్న దేవతలు కూడా సాయం పడుతున్నారు. దాదాపు నగ్నంగా ఉన్న ఆమె శరీరం మీదే వెలుతురంతా ఉంది, కాబట్టి మొదట కన్ను అక్కడికే పోతుంది. కాసేపు చూస్తే ఆ శరీరం అలంకారానికి పెట్టింది కాదని తెలుస్తుంది. భుజం బిగిసి ఉంది, నడుం వెనక్కి ఆనింది, బరువంతా మడమల మీద వేసి లాగుతోంది. కష్టపడుతున్న ఒళ్ళు అది. మ్యూజియాల్లో నేను చూసిన వీనస్‌లలో చాలామంది పడుకుని ఉంటారు లేదా నిలబడి చూపించుకుంటారు. ఈమె పనిలో ఉంది. ఆ పనిలో ఓడిపోతోంది.

ఆమె వెనక నల్లబట్టల్లో మరో స్త్రీ రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ పరుగెడుతోంది. మేలిముసుగు చిరిగింది, నగలన్నీ పోయాయి. ఆమె ఎవరో రూబెన్సే చెప్పాడు. ఫ్లోరెన్స్‌లో మెడీచీల కొలువులో ఉన్న తోటి ఫ్లెమిష్ చిత్రకారుడు సుస్టెర్మాన్స్‌కు ఈ బొమ్మను పంపుతూ, అతను కోరిన మీదట 1638 మార్చి 12న ఒక ఉత్తరం రాశాడు. అందులో ప్రతి ఆకారానికీ అర్థం చెప్పాడు. ఆ నల్లబట్టల స్త్రీ ఐరోపా. ఎన్నో ఏళ్ళుగా దోపిడీకీ అవమానానికీ దుఃఖానికీ గురవుతున్న ఖండం. ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలై అప్పటికి ఇరవై ఏళ్ళు. రూబెన్స్ చేసిన సంధి ప్రయత్నాలను అది మింగేసింది.

ఉత్తరం చివర్లో నాకు ఇంకా ఇష్టమైన సంగతి ఉంది. ఆరని రంగుల బొమ్మ పెట్టెలో చాలాకాలం ఉంటే ఒంటి రంగులు, తెలుపులు కాస్త పసుపెక్కుతాయేమోనని ఆయన బెంగ పెట్టుకున్నాడు. అలా జరిగితే అప్పుడప్పుడు ఎండలో పెట్టమన్నాడు. ఎక్కడైనా దెబ్బతింటే, లేదా తన అజాగ్రత్త కనబడితే, సరిచెయ్యడానికి నీకు అనుమతి ఉందని రాశాడు. అప్పటికి ఆయన ఐరోపాలోనే అతి ప్రసిద్ధ చిత్రకారుడు. అరవై ఏళ్ళు దాటాయి, కీళ్ళవాతం వేళ్ళను పట్టుకుంది. తోటి పనివాడికి తన బొమ్మను అప్పగించి, సరిదిద్దుకోమని చెప్పగలిగిన వినయం నన్ను చాలాసేపు ఆ గదిలోనే నిలబెట్టింది.

అదే గదిలో ఆయనదే మరో చిత్రం, "నలుగురు తత్త్వవేత్తలు". బల్ల చుట్టూ పండితుడు లిప్సియస్, ఆయన శిష్యుడు, రూబెన్స్ అన్న ఫిలిప్, వెనక నిలబడి రూబెన్స్. గూట్లో రోమన్ తత్త్వవేత్త సెనెకా శిరోవిగ్రహం. 1611లో చనిపోయిన అన్నను తలుచుకుంటూ వేసిన బొమ్మ. తెరిచిన పుస్తకాల చుట్టూ ఉన్న ఆ నలుగురినీ, పుస్తకం తొక్కుకుంటూ పోతున్న మార్స్‌నూ ఒకే గదిలో చూడటం కష్టంగా అనిపించింది.

నేనక్కడ ఉండగానే ఒక బడి పిల్లల గుంపు వచ్చింది. పదేళ్ళ పిల్లలు నేలమీద కూర్చున్నారు. పంతులమ్మ వాళ్ళకు ఏమీ చెప్పకుండా మొదట అయిదు నిమిషాలు చూడమంది. ఆ తర్వాత ఎవరేం చూశారో అడిగింది. ఒక పిల్ల లేచి నిలబడి పక్కపిల్లవాడి చేతిని వీనస్‌లాగా రెండు చేతులతో పట్టుకుని లాగింది. వాడు ముందుకు నడవబోయాడు. ఆ పిల్ల బూట్లు నేలమీద కిర్రుమంటూ జారాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మూలన కుర్చీలో కూర్చున్న కాపలాదారు కూడా నవ్వాడు, వారించలేదు. పెద్దవాళ్ళ వ్యాఖ్యానాలకన్నా ఆ పిల్ల ఆ బొమ్మను బాగా అర్థం చేసుకుంది.

కుమారసంభవ కథలో రతీదేవి ఏడుపు మనకు తెలుసు. శివుడి కంటిమంటకు మన్మథుడు బూడిదయ్యాక ఆమె విలపిస్తుంది. అక్కడ ప్రేమ, జరిగిపోయినదాని మీద శోకం. రూబెన్స్ వీనస్‌కు ఇంకా క్షణమో రెండు క్షణాలో వ్యవధి ఉంది. అందుకే ఆమె ఏడవడం లేదు, పట్టు వదలడం లేదు. జీవితమంతా రాజులను బతిమాలి, ఉత్తరాలు రాసి, గుర్రాల మీద తిరిగి, కుదిరిన సంధులు మళ్ళీ తెగిపోవడం చూసిన మనిషి మాత్రమే ప్రేమను ఇలా చూపించగలడు. ప్రేమ గెలిచినట్టు గీసివుంటే ఆయన అబద్ధమాడినట్టు. ఆమెను బొమ్మలోంచి తీసేసివుంటే అంతకంటే పెద్ద అబద్ధం.

మర్నాడు ఉఫీజీ చిత్రశాలలో బొత్తిచెల్లి "వీనస్ జననం" ముందు నిలబడ్డాను. జనం మధ్యలో తలల సందుల్లోంచే చూడగలిగాను. గవ్వ మీద తేలుతూ వచ్చిన ఆ అమ్మాయి అందానికి తిరుగులేదు. కాని ఆమెకింకా లోకం తెలియదు. నా మనసు నది అవతలే ఉండిపోయింది.

బయటికొచ్చి సాంతా ట్రినిటా వంతెన మీదుగా నడిచాను. 1944లో పేల్చేసిన ఈ వంతెనను నదిలోంచి తీసిన పాత రాళ్ళతో, పాత రూపంలోనే 1958కల్లా మళ్ళీ కట్టారు. కొసన ఉండే వసంతదేవత విగ్రహానికి తల దొరకలేదు. 1961లో నది అడుగున అది బయటపడింది. ఇప్పుడు ఆ మెడ మీదే ఉంది.

రూబెన్స్ "యుద్ధ పరిణామాలు" పంపిన రెండేళ్ళకు, 1640 మే 30న ఆంట్వెర్ప్‌లో కన్నుమూశాడు. యుద్ధం ఇంకో ఎనిమిదేళ్ళు సాగింది. 1648లో మ్యూన్‌స్టర్‌లో స్పెయిన్, డచ్చివాళ్ళు సంధి చేసుకున్నప్పుడు కూడా స్కెల్డే నది మూసివేతకే ఒప్పుకున్నారు. 18వ శతాబ్దం చివరిదాకా ఆయన ఊరికి సముద్రం తెరుచుకోలేదు.

ఫ్లోరెన్స్ వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక మాట. ఉఫీజీ చూసి, వంతెన మీద ఫొటో తీసుకుని వెనుదిరగకండి. నది దాటి పిట్టి మందిరంలో మార్స్ గదికి వెళ్ళండి. పిల్లలు వెంట ఉంటే వాళ్ళను ముందు నిలబెట్టండి. ఆ పంతులమ్మ చేసినట్టు, మొదటి అయిదు నిమిషాలు వాళ్ళకు ఏమీ చెప్పకండి.